పద్నాలుగో ప్రశ్న

బాలరాట్‌లో జూలై చలి
ఎముకల్ని లెక్కపెడుతుంది.
నేను అల్మారాల్ని లెక్కపెడతాను.
గంటకి ముప్పై రెండు డాలర్లు, పెట్రోలు ఖర్చు వేరే.

మెడలో కార్డు, చేతిలో టాబ్లెట్,
బూట్లు గుమ్మం దగ్గర విప్పేసి
పరాయి వంటింట్లో మేజోళ్ళతో నిలబడి
"ఒకసారి ఫ్రిజ్ తెరుస్తారా" అని అడగడం నా ఉద్యోగం.
బీరువా తాళాలడిగినా
మనుషులు ఇంత తడబడరేమో.

హ్యూ ట్రెలోర్ గారింట్లో
పళ్ళబుట్ట నిండా ఆపిల్స్, వాటి మీద ఇంకా స్టిక్కర్లు.
నిన్న సాయంత్రం నాకోసం కొన్నవి.
"మేం చక్కెర ముట్టం" అన్నాడాయన.
ఓట్స్ డబ్బా వెనక
చాక్లెట్ బిస్కట్ పొట్లాలు మూడు,
దాగుడుమూతల్లో దొరికిపోయిన పిల్లల్లా.
ఫోటో తీశాను.
ఆయన కిటికీలోంచి వాతావరణం చూశాడు.
చాలాసేపు చూశాడు.
పొగమంచు తప్ప అక్కడ వాతావరణమేమీ లేదు.

అబద్ధమనను.
అడిగితే రేపటి తమ గురించి చెబుతారు,
అల్మారా నిన్నటి వాళ్ళ గురించి చెబుతుంది.

పద్నాలుగో ప్రశ్న: ఈ బ్రాండే ఎందుకు?

అచోల్ డెంగ్ చంకలో బిడ్డని సర్దుకుంది.
"ఏమో, చేతికందే ఎత్తులో ఉంది."
ఆ సీసా మూత నీలం ఉండాలా, ముదురు నీలం ఉండాలా అని
మెల్‌బోర్న్‌లో ఓ గదినిండా జనం
ఏడాదిపాటు కొట్టుకున్నారు.
ఈ సంగతి వాళ్ళకి ఎవరు చెబుతారు?

స్టర్ట్ వీధి చివరింటాయన భార్య పోయిందట.
కాలం చేసి కాదు,
జిలాంగ్ పోయింది, పళ్ళ డాక్టరుతో.
ఆమె వాడే లావెండర్ సబ్బే
ఇంకా నెలకి రెండు కొంటున్నాడు.
"వాసన నాకు పడదు, తుమ్ములొస్తాయి" అంటాడు.
కోడ్ ఏడు: అలవాటు.
ఇంకే గడిలోనూ పట్టలేదు ఆ మనిషి.

మౌరీన్ పాస్కో గారింటికి నాలుగింటికి వెళ్ళాను.
"ఎనభై ఆరు నించీ ఒకటే కాఫీ" అంది, సీసా చూపించి.
ఖరీదైన కాఫీ. బంగారు మూత.
లేబుల్ అంచులు లేచిపోతే
టేపు అంటించి ఉంది, నాలుగు పక్కలా, శ్రద్ధగా.
ఒక గుక్క తాగాను.
పిండిడబ్బా వెనక సూపర్‌మార్కెట్ వాళ్ళ
కిలో రేకుడబ్బా నాకేసి చూసింది.
నేను దాన్ని చూడలేదు.

లాన్ బౌల్స్ స్నేహితురాళ్ళు ప్రతి గురువారం వస్తారట.
"వాళ్ళకి నాసిరకం పోస్తే మొహం చూపించగలనా?"

ఆ స్నేహితురాళ్ళలో ఒకావిడ ఇల్లు నిన్ననే చూశాను.
అదే సీసా, అదే బంగారు మూత.
టేపు మాత్రం కాస్త వెడల్పుది.

గురువారాలన్నీ ఇలా గడిచాయన్నమాట,
ఒకరింట్లో ఒకరు
ఒకే చవక కాఫీ తాగి
"నీ చేతి రుచే వేరు" అనుకుంటూ.
ఎవరికి తెలీదు? ఎవరికి తెలుసు?
అది తేలాలంటే ఎవరో ఒకరు
సీసా వంచి అడుగు చూడాలి.
ముప్పై ఏళ్ళుగా ఎవరూ వంచలేదు.

నవ్వొచ్చింది గానీ,
మా ఇంట్లో హార్లిక్స్ సీసాలో మినప్పప్పు,
బ్రూ సీసాలో మెంతులు,
ఐస్‌క్రీమ్ డబ్బాలో గోంగూర పచ్చడి.
నాలాంటిదెవరైనా వచ్చి ఫోటో తీసుకుంటే
ఈ ఇల్లు పాలపొడి తాగి బతుకుతోందని రాసుకుంటుంది.
ఎందుకు దాచావంటే ఏం చెప్పను?
మూత గట్టిది. గాజు మంచిది.
పారేయడానికి చెయ్యి రాలేదు.

"బ్రాండ్ విధేయత?" అడిగింది టాబ్లెట్.
అయిదుకి అయిదు నొక్కాను.
రేకుడబ్బా సంగతి కంపెనీకి రాయలేదు,
జీతం తింటున్నదాన్నే అయినా.

"ఇంకో కప్పు కలపనా?" అంది పాస్కో గారు,
సీసా మీద చెయ్యి వేసి.
"ఈ రుచి సూపర్‌మార్కెట్ కాఫీకి రాదండీ" అన్నాను.

అని, కిటికీకేసి తిరిగి
కాసేపు వాతావరణం చూశాను.